కండరం పంపిన కబురు: విద్యుత్ కృత్రిమ చేతుల చరిత్రపై ఒక పరిశీలన

మోచేతికి దిగువన చెయ్యి తెగిపోయిన మనిషికి ఆ చేతిని ఆడించిన కండరాలు పూర్తిగా పోవు. వేళ్ళను ముడిచే, చాచే కండరాల్లో చాలావాటి మొదళ్ళు ముంజేతి పైభాగంలో, మోచేతి దగ్గరే ఉంటాయి. లేని పిడికిలిని బిగించాలని ఆ మనిషి తలచినప్పుడల్లా అవి ఇప్పటికీ బిగుసుకుంటాయి. బిగుసుకున్నప్పుడల్లా చర్మం మీద సన్నని విద్యుత్తు కనిపిస్తుంది. వోల్టులో లక్షో వంతు నుంచి కొన్ని వెయ్యో వంతుల దాకా ఉండే ఆ విద్యుత్తును ఎలక్ట్రోడ్లతో పట్టి, పెంచి, వడగట్టి, దానితో మోటారును నడిపే కృత్రిమ చేతినే మయోఎలక్ట్రిక్ చెయ్యి అంటారు.

దీని చరిత్రను సాధారణంగా ఒకే వరసలో చెబుతారు. మొదట ఇనుప కొక్కెం, తర్వాత మోటారు, ఆ తర్వాత కండరం నుంచి సంకేతం, ఆపైన నాడి నుంచి, చివరకు మెదడు నుంచే. సంకేతం తలపు పుట్టే చోటుకు దగ్గరవుతున్న కొద్దీ చెయ్యి మెరుగవుతుందన్నది ఈ కథ సారాంశం. ఆధారాలు దీన్ని పూర్తిగా బలపరచవు. శరీరం నుంచి యంత్రానికి పోయే కబురు ఈ చరిత్రలో సగమే. యంత్రం నుంచి శరీరానికి తిరిగి వచ్చే కబురు మిగతా సగం. ఆ సగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, మయోఎలక్ట్రిక్ చెయ్యి గెలిచిన కాలంలోనే ఒక ముఖ్యమైన గుణం చేజారిందని తెలుస్తుంది.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. గాల్వానీ 1791లో కప్పకాలి కండరాల మీద తన ప్రయోగాలను ప్రచురించాడు. బెర్లిన్‌లో డు బోయిస్-రేమండ్ 1840ల చివర్లో మనిషి చెయ్యి బిగించినప్పుడు పుట్టే విద్యుత్తును గాల్వనోమీటరులో చూపించాడు. ఆ సంకేతంతో యంత్రాన్ని నడపవచ్చన్న ఆలోచన రావడానికి మరో వందేళ్ళు పట్టింది. ఈలోగా 1912లో అమెరికాలో డోరన్స్ రెండు పాయల కొక్కేనికి పేటెంటు పొందాడు. ఎదుటి భుజాన్ని ముందుకు వంచితే వీపు మీది పట్టీ తీగను లాగుతుంది, కొక్కెం తెరుచుకుంటుంది. వదిలితే రబ్బరు బిగువుకు మూసుకుంటుంది. ఆ కొక్కెం వారసులు నేటికీ వాడుకలో ఉన్నాయి.

చరిత్రకారులు తొందరగా దాటేసే మరో దారి కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1896లో అడువా యుద్ధం తర్వాత ఇటలీ పక్షాన పోరాడిన ఎరిత్రియా సైనికుల కుడిచేతులు నరికించారు. వారి గురించి ఆలోచించిన ఇటలీ వైద్యుడు వాన్‌గెట్టి, మొండి భాగంలో మిగిలిన కండరాన్నే నేరుగా కృత్రిమ చేతికి కట్టాలని ప్రతిపాదించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ శస్త్రవైద్యుడు జావర్‌బ్రుఖ్ దాన్ని పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టాడు. కండరం గుండా చర్మంతో పొదిగిన చిన్న సొరంగం చేసి, అందులో దంతపు పుల్ల దూర్చి, పుల్ల చివరలను తాళ్ళతో చేతికి కట్టేవారు. కండరం లాగితే చెయ్యి మూసుకునేది. చేతిలో వస్తువు గట్టిగా ఉంటే ఆ అడ్డు అదే తాడు వెంట కండరానికి తిరిగి చేరేది. ఎంత లాగుతున్నాడో, వస్తువు ఎంత మెత్తనో కళ్ళు మూసుకున్నా ఆ మనిషికి కొంత తెలిసేది. పోయే కబురూ వచ్చే కబురూ ఒకే తాడు మీద నడిచాయి.

ఈ పద్ధతిని పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. అదనపు శస్త్రచికిత్స కావాలి. సొరంగాన్ని రోజూ శుభ్రం చేసుకోకపోతే పుండు పడేది. మొండి భాగం పొట్టిగా ఉన్నవారికి తగినంత కండరమే దొరికేది కాదు. అది వెనకబడడానికి తగిన కారణాలే ఉన్నాయి. అయితే దానితోపాటు అది నేర్పిన పాఠం కూడా వెనకబడడానికి కారణం లేదు.

విద్యుత్ చేతి పుట్టుక గురించిన వాదమంతా 1944కీ 1968కీ మధ్య నడుస్తుంది. ఆ గౌరవం చాలాకాలం మాస్కోకు దక్కింది. కాని మ్యూనిక్‌లో భౌతికశాస్త్రం చదువుతున్న రైన్‌హోల్డ్ రైటర్ 1940ల మధ్యలోనే ఈ పని మొదలుపెట్టి, 1948లో ప్రచురించాడు. అదే ఏడు హానోవర్ ప్రదర్శనలో చేతిని చూపించాడు కూడా. ఒకే కండరాన్ని బిగించే తీరులోని తేడాలతో చెయ్యి తెరవడం, మూయడం అతని పద్ధతి. వాక్యూమ్ ట్యూబుల యాంప్లిఫయరు పెద్దది, విద్యుత్తు గోడ ప్లగ్గు నుంచే రావాలి. అందువల్ల దాన్ని ఒకచోట కూర్చుని పనిచేసే కార్మికుడి కోసమే ఉద్దేశించారు. ఆ సంవత్సరమే జర్మనీలో జరిగిన కరెన్సీ సంస్కరణతో డబ్బు ఆగిపోయింది, పనీ ఆగింది. 1950ల పరిశోధకుల్లో చాలామందికి రైటర్ పేరే తెలియదు. అమెరికన్ పరిశోధకుడు డడ్లీ చైల్డ్రెస్ 1980లలో రాసిన చారిత్రక వ్యాసంతో ఆ పేరు మళ్ళీ వెలుగులోకి వచ్చింది. లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో బాటీ, నైటింగేల్, విలిస్ 1955లో ప్రకటించిన ప్రయోగం కూడా మాస్కో కంటే ముందుదే.

మరి మాస్కో ఘనత ఏమిటి? కోబ్రిన్‌స్కీ, గుర్‌ఫింకెల్, త్సెట్లిన్ తదితరుల బృందం 1950ల చివర్లో తయారుచేసిన చేతిలో ట్యూబుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. బ్యాటరీతో సహా మొత్తం పరికరాన్ని మనిషి ఒంటిమీద మోయగలిగాడు. వేళ్ళు ముడిచే కండరం మీద ఒక ఎలక్ట్రోడ్ జత, చాచే కండరం మీద మరొకటి. 1958 బ్రసెల్స్ ప్రదర్శనలో దాన్ని ప్రపంచం చూసింది. తర్వాత ఆ చెయ్యి ప్రయోగశాల దాటి ఉత్పత్తిలోకి వెళ్ళింది, బ్రిటన్, కెనడాలకు చేరింది. మాంట్రియల్ పునరావాస సంస్థ వైద్యులు దాన్ని పరిశీలించి 1964లో నివేదిక ఇచ్చారు. సంకేతంతో మోటారు నడపడం అప్పటికి పదేళ్ళ పాత ఆలోచన. దాన్ని ఒంటిమీద తొడిగి ఇంటికి పంపగలగడం మాస్కో తెచ్చిన కొత్త సంగతి. అందుకు కారణం సిద్ధాంతం కాదు, ట్రాన్సిస్టరూ దాన్ని పెద్దఎత్తున తయారుచేయించగల వ్యవస్థా. ఎవరు మొదట అన్న వివాదం కంటే ఈ తేడా ముఖ్యం. రైటర్ ఓడిపోయాడని చెప్పేవారు అతని చేతిలో లోపం వెతుకుతారు. అతనికి లేనిది బెల్ లేబొరేటరీస్ 1948 వేసవిలో లోకానికి ప్రకటించిన ఆ చిన్న పరికరం మాత్రమే.

అదే 1948లో ఒక పుస్తకం కూడా వెలువడింది. 'సైబర్‌నెటిక్స్' ముందుమాటలో నార్బర్ట్ వీనర్, అవయవం పోయిన మనిషికి ఆసరా, బలం మాత్రమే కాక చర్మస్పర్శ, కీళ్ళ కదలిక తెలిసే జ్ఞానం కూడా పోతాయని, కృత్రిమ అవయవాలు చేసేవారు ఆ చివరి నష్టం జోలికి ఇంకా పోలేదని గుర్తుచేశాడు. రైటర్ చేతిలోనైనా, మాస్కో చేతిలోనైనా ఈ లోటుకు సమాధానం లేదు. కండరాన్ని తాడు లాగడం లేదు, ఎలక్ట్రోడ్ వింటోంది అంతే. వినేదానికి తిరిగి చెప్పే మార్గం ఉండదు. జావర్‌బ్రుఖ్ చేతిలో దానంతటదే సమకూరిన గుణం విద్యుత్ చేతిలో విడిగా కట్టుకోవలసిన పని అయింది. ఆ పని దశాబ్దాలపాటు వాయిదా పడింది.

ఆ నష్టాన్ని గమనించినవారు లేకపోలేదు. బెల్‌గ్రేడ్‌లో రాయ్‌కో టొమోవిచ్ 1960లలో ఒత్తిడిని పసిగట్టే వేళ్ళతో చేతిని తయారుచేశాడు. అయితే ఆ స్పర్శ యంత్రం వరకే, మనిషికి చేరలేదు. అందరికంటే లోతుగా ఆలోచించినవాడు ఎడిన్‌బరోలో డేవిడ్ సింప్సన్. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు వల్ల 1961లో అది ఉపసంహరించేనాటికి వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. వారిలో చేతులు లేని పిల్లల కోసం సింప్సన్ గ్యాసుతో నడిచే చేతులను తయారుచేశాడు. భుజం ఎంత కదిలితే చెయ్యి అంత కదలాలి, చేతికి అడ్డు తగిలితే భుజం కూడా ఆగాలి అన్నది అతని సూత్రం. చెయ్యి ఎక్కడుందో భుజం కీలే పిల్లవాడికి చెప్పేది. సంకేతం ఇక్కడ విద్యుత్తు కాదు, కదలిక. సింప్సన్ ఆలోచన విస్తృతంగా స్థిరపడకపోవడానికి గ్యాసు సిలిండర్ల బరువూ, నిర్వహణ కష్టమూ కొంత కారణం. విద్యుత్ చేతి ఆకర్షణ మరికొంత.

1960ల చివరికి వాణిజ్య రూపాలు వచ్చాయి. జర్మనీలో ఓటో బాక్ సంస్థ తయారీ మొదలుపెట్టింది. చైల్డ్రెస్ బృందం 1968లో ఎలక్ట్రోడ్లు, బ్యాటరీ, మోటారు అన్నీ సాకెట్‌లోనే ఇమిడే చేతిని అమర్చింది. 1968లోనే వచ్చిన బోస్టన్ ఆర్మ్ మోచేతి పైన చెయ్యి పోయినవారికి ఉద్దేశించింది. 1981 నాటికి స్టీఫెన్ జేకబ్‌సెన్ యూటా ఆర్మ్ కూడా తోడైంది.

ఆ కాలంలో స్థిరపడిన పద్ధతే నేటికీ ఎక్కువమంది వాడేది. దాన్ని దగ్గరగా చూస్తే మంచీ చెడూ రెండూ తెలుస్తాయి. ముడిచే కండరం బిగిస్తే చెయ్యి మూసుకుంటుంది, చాచే కండరం బిగిస్తే తెరుచుకుంటుంది. మణికట్టు తిప్పాలంటే రెండూ ఒకేసారి బిగించి మోడ్ మార్చాలి, ఆ తర్వాత అవే కండరాలు మణికట్టును తిప్పుతాయి. ప్లాస్టిక్ గ్లాసులో టీ పట్టుకోవలసిన మనిషి గ్లాసు మీంచి చూపు తిప్పలేడు. అది నొక్కుకుపోతోందా, జారుతోందా అన్నది కళ్ళతో చూసో, మోటారు రొద మారడం వినో తెలుసుకోవాలి. పక్కవాళ్ళతో మాట్లాడుతూ టీ తాగడమన్న మామూలు పనికి కూడా పూర్తి శ్రద్ధ పెట్టాలి.

1993లో కెనడాలోని న్యూబ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయంలో హజిన్స్, పార్కర్, స్కాట్ మరో మెట్టు ఎక్కించారు. కండరం బిగిసిన మొదటి క్షణాల్లో సంకేతం ఆకారంలోనే ఉద్దేశం దాగి ఉందని చూపి, వేర్వేరు కదలికల నమూనాలను యంత్రానికి గుర్తుపట్టడం నేర్పారు. 2002లో షికాగోలో టాడ్ కైకెన్ బృందం, రెండు చేతులూ పోయిన జెస్సీ సల్లివన్ భుజం నాడులను ఛాతీ కండరాలకు మళ్ళించింది. చెయ్యి మూయాలని తలిస్తే ఛాతీ కండరం బిగుసుకుంది, ఆ సంకేతం చేతిని నడిపింది. అనుకోని సంగతి మరొకటి జరిగింది. ఛాతీ మీద తాకితే పోయిన చేతి మీద తాకినట్టు అతనికి అనిపించింది. సంకేతం తీసుకోవడానికి తెరిచిన దారిలో స్పర్శ తనంతట తానే తిరిగొచ్చింది. ఈ ఘట్టాన్ని నియంత్రణ విజయంగానే ఎక్కువగా చెప్పుకుంటారు. నిజానికి అది రెండో దారి కూడా మూసుకుపోలేదని తేలిన రోజు.

ఆ తర్వాతి పనిలో చెప్పుకోదగ్గవి ఈ దారిలోనివే. 2013లో స్వీడన్‌లో మాక్స్ ఓర్టిజ్ కాటలాన్, బ్రోనెమార్క్ బృందం ఎముకకు బిగించిన చేతిలో నాడులకూ కండరాలకూ ఎలక్ట్రోడ్లు నేరుగా కలిపింది. సంకేతం బయటికి, స్పర్శ లోపలికి ఒకే కడ్డీ గుండా నడిచాయి. మోకాలి కింద కాలు తీసేటప్పుడే ఎదురెదురు కండరాలను జతగా కలిపే శస్త్రచికిత్సను ఎమ్ఐటీకి చెందిన హ్యూ హెర్, బోస్టన్ వైద్యులు అభివృద్ధి చేశారు. ఒకటి కుంచించుకుంటే రెండోది సాగుతుంది, ఆ సాగుడే పాదం ఎక్కడుందో మెదడుకు చెబుతుంది. 2024లో వారి బృందం అలాంటి ఏడుగురి నడక ఫలితాలను ప్రచురించింది. కండరాన్ని కండరానికే కట్టడం వాన్‌గెట్టి, జావర్‌బ్రుఖ్ తలపులకు దూరం కాదు. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి రోబో చేతులను కదిలించిన ప్రయోగాలు పక్షవాతంతో కదలలేని వారికి ఆశాకిరణమే. కండరాలు పనిచేస్తున్న మనిషికి తల తెరవాల్సిన అవసరం మాత్రం ఇంకా రుజువు కాలేదు.

వర్తమానాన్ని బేరీజు వేస్తే సంతోషం పూర్తిగా కలగదు. 2007లో బిడిస్, చౌ చేసిన సమీక్షలో విద్యుత్ చేతులను వదిలేసినవారు పెద్దల్లో సగటున 23 శాతం, పిల్లల్లో 35 శాతం. శరీర బలంతో నడిచేవాటికి ఆ సంఖ్యలు 26, 45 శాతం. సంక్లిష్టత అంతగా పెరిగినా పెద్దల్లో తేడా స్వల్పమే. ఆ ఏడాదే ఐదు వేళ్ళూ విడివిడిగా కదిలే ఐ-లింబ్ మార్కెట్లోకి వచ్చింది. అయినా 2016లో జ్యూరిక్ దగ్గర జరిగిన సైబాత్‌లాన్ పోటీలో కృత్రిమ చేతుల విభాగాన్ని గెలిచినది తీగతో లాగే చెయ్యి. ఒక్క పోటీతో తీర్పు చెప్పకూడదు కానీ, ఆ తీగలో ఎలక్ట్రోడ్‌కు లేని గుణం ఏదో ఉందన్న సంగతిని అది గట్టిగానే గుర్తుచేసింది.

మన దేశంలో ఈ ప్రశ్నలకు మరో పదును ఉంది. చెమట పట్టిన చర్మం మీద ఎలక్ట్రోడ్ సంకేతం మారిపోతుంది, సాకెట్ జారితే నమూనాలన్నీ తప్పుతాయి. రోహిణి కార్తెలో పొలంలోనో, దుకాణంలోనో పనిచేసే మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఇక్కడ అత్యధికంగా ఆదరణ పొందిన కృత్రిమ అవయవం 1968లో రూపుదిద్దుకున్న జైపూర్ కాలు. అందులో సంకేతమూ లేదు, మోటారూ లేదు, నేల మీద గొంతుక్కూర్చోవడానికి వీలిచ్చే ఆలోచన ఉంది. హైదరాబాద్‌లోని మేకర్స్ హైవ్ వంటి సంస్థలు దేశీయంగా బయోనిక్ చేతులు తయారుచేయడం మంచి పరిణామం. వాటి విలువను మాత్రం ఎన్ని రకాల పట్లు పడతాయన్న లెక్కతో కాక, ఏడాది తర్వాత కూడా ఆ చెయ్యి ఎంతమంది భుజం మీద ఉందన్న లెక్కతో కొలవాలి. అది తెలియాలంటే వస్తువును పట్టుకున్న సంగతి ఆ మనిషికి తిరిగి చేరుతోందా అని ముందు అడగాలి.