నీటి అడుగున ఒక్క క్షణం



చిన్న డిజిటల్ కెమెరాతో నీటి అడుగున చేపను ఫోటో తీయబోతే, తరచు దొరికేది దాని తోక మాత్రమే. మీట నొక్కడానికీ ఫోటో పడడానికీ నడుమనున్న జాప్యమే అందుకు కారణం. ఆ జాప్యపు చరిత్రను వెదుకుతూ నేను చాలా వెనుకకు వెళ్ళాను.

1856లో ఇంగ్లండులోని వేమత్ వద్ద విలియం థామ్సన్ పడవ మీదినుండి కెమెరాపెట్టెను సముద్రంలోకి దించి, తాడు లాగి మూత తెరిచి, 10 నిమిషాలు వేచి ఉన్నాడు. 1893లో ఫ్రాన్సులోని బాన్యుల్స్ తీరాన లూయీ బూతాన్ తానే నీట మునిగాడు. సహజకాంతిలో ఆయనకు 30 నిమిషాల దాకా పట్టేది. అంతసేపు కదలని రాయి దొరుకుతుంది గాని, చేప దొరకదు. 1926లో ఫ్లోరిడా తీరానికి ఆవల డ్రై టోర్టుగాస్‌లో లాంగ్లీ, మార్టిన్‌లు తెప్పపై మెగ్నీషియం పొడి మండించి, ఆ మెరుపులో చేపను రంగులతో సహా పట్టారు. 1963 నాటి నికోనోస్ కెమెరాలో దూరాన్ని మనిషే అంచనా కట్టి ముందుగా అమర్చుకునేవాడు. నొక్కగానే ఫోటో పడేది.

డిజిటల్ కెమెరాలో ఆ అంచనాను యంత్రానికి అప్పగించాం. మసక నీటిలో వెలుగునీడల తేడా స్వల్పం గనుక కటకం ముందుకూ వెనుకకూ తడుముకుంటుంది. అందుచేత చేప రాబోయే దూరంలోనే ఉన్న రాయిపై గురి నిలిపి, మీటను సగం నొక్కి పట్టాలి. చేప రాగానే పూర్తిగా నొక్కాలి.

మత్స్యయంత్రం ముందు అర్జునుడు వింటిని ఎక్కుపెట్టిన తరువాతనే గదా గురి చూశాడు! నిరీక్షణ ఎన్నటికీ తప్పదు. దానిని మీట నొక్కకముందే ముగించుకోవడమే నేర్పు.