బేసిన్ బ్రిడ్జిలో బేసిన్ ఏది?

విజయవాడ వైపునుండి వచ్చే రైలు సెంట్రల్ స్టేషను చేరబోతూ బేసిన్ బ్రిడ్జి దగ్గర కొంతసేపు నిలిచిపోవటం మనకందరికీ అనుభవమే. సామాను దించుకొని తలుపు దగ్గర నిలబడ్డవారు విసుక్కుంటారు. వ్యాసర్పాడివారికైతే ఇల్లు కూతవేటు దూరం. అయినా దిగే వీలుండదు. అట్లాంటి సమయంలో ఒక పిల్లవాడు, "తాతయ్యా, బ్రిడ్జి సరే, బేసిన్ ఏదీ?" అని అడిగాడు. వాడికి తెలిసిన బేసిన్లు రెండే. ఒకటి వాళ్ళమ్మ బియ్యం కడిగే వెడల్పు గిన్నె, రెండవది భోజనమయ్యాక చేయి కడుక్కొనే గోడతొట్టి. ప్రశ్న చిన్నదే కాని, జవాబు కోసం రెండువందల ఏళ్ళు వెనక్కు పోవాలి.

ఇంగ్లీషువారికి ఈ మాట పాత ఫ్రెంచి నుండి వచ్చింది. మొదటి అర్థం గిన్నే. అంచులు ఎత్తుగా, నడుమ పల్లంగా ఉండి, వచ్చిన నీటిని నిలుపుకొనే ప్రతిదానికీ తరువాత ఆ పేరే అంటుకొన్నది. 1933లో తెరచిన విశాఖపట్నం లోపలి రేవులో ఓడలు మళ్ళుకొనేందుకు త్రవ్విన మడుగు టర్నింగ్ బేసిన్. చమురు, వాయువు వెదికేవారికి కృష్ణా గోదావరి బేసిన్ అంటే నేల అడుగున యుగయుగాల మట్టి పేరుకొన్న పల్లం. సౌకారుపేట సేట్లు బేసన్ అంటే మాత్రం శనగపిండి. అది వేరే మాట, దానితో మనకు చుట్టరికం లేదు.

బ్రిడ్జి పేరులోని బేసిన్ పడవలది. 1806లో బేసిల్ కాక్రేన్ అనే దొర చెన్నపట్నం నుండి ఎన్నూరుకు ఉప్పునీటి కాలువ త్రవ్వించాడు. చాలాకాలం దాన్ని కాక్రేన్ కాలువ అనే పిలిచారు. దాని పట్నపు కొసన పడవలు నిలిచి సరుకు దించుకొనే నీటితొట్టే ఈ బేసిన్. కాలువ క్రమంగా పులికాటు దాటి ఉత్తరానికి సాగింది. 1876-78 నాటి ధాత కరువులో, తిండిలేని జనానికి కూలి చూపటం కోసం ప్రభుత్వం కాలువ పనులు పెద్దయెత్తున జరిపించింది. పట్నం నడుమ త్రవ్వి ఉత్తర, దక్షిణ కాలువలను కలిపినదీ అప్పుడే. 1878లో దానికి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఆకలితో పార పట్టినవారి పేర్లు ఏ రాతిమీదా లేవు.

ఆ కాలువ చెన్నపట్నం నుండి ఉత్తరంగా పెదగంజాం దాకా దాదాపు 315 కిలోమీటర్లు. అక్కడ కొమ్మమూరు కాలువ అందుకొంటుంది. ఆపైన కృష్ణా కాలువలు, ఏలూరు కాలువ, గోదావరి కాలువలు. అంటే కాకినాడలో పడవ ఎక్కినవాడు సముద్రం ముఖం చూడకుండానే ఈ బేసిన్‌లో దిగవచ్చు. నెల్లూరు సీమనుండి ధాన్యం, సరుగుడు కట్టెలు, ఉప్పు, సున్నపు గుల్ల వచ్చేవి. సరుకుతోబాటు మనుషులూ వచ్చారు. ఉత్తర మద్రాసులో తెలుగు అంతగా వినబడటానికి రైలొక్కటే కారణమనుకోవటం పొరపాటు. విజయవాడ మద్రాసుల మధ్య పట్టాలు కలిసింది 1899లోనే, పడవలు అంతకు చాలా ముందే తిరిగాయి.

రైలు వచ్చాక పడవకు గిరాకీ తగ్గింది. 1965, 66 తుపానులు కాలువను మరింత పాడుచేశాయి. 1990ల్లో నగరపు ఎత్తైన రైలుదారి స్తంభాలు దాని నడుములోనే పాతారు. ఇప్పుడు మనం ముక్కు మూసుకొని దాటే నల్లటి నీరే ఒకనాటి రాజమార్గమంటే పిల్లలు నమ్మరు. వాళ్ళను తప్పుపట్టలేము.

ఇక ఈ మాటకు మరొక అర్థమున్నది. ఒక నదిలోకి జారే నీటినంతా పట్టే నేల ఆ నదికి బేసిన్. పత్రికలు పరీవాహక ప్రాంతమని వ్రాస్తాయి. నాకైతే హరివాణమనే మాట ముద్దుగా ఉంటుంది, అందులో పాత్ర ఆకారం పోలేదు. చెన్నపట్నం కృష్ణ హరివాణంలోనిది కాదు. అయినా దాహం తీర్చటానికి కృష్ణ నీటిలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టి.ఎం.సి.లు ఇస్తామని 1976లో ఒప్పుకొన్నాయి. 1983లో రామారావు, రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉండగా తెలుగుగంగ పథకం రూపు దాల్చింది. శ్రీశైలం నుండి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా నీరు పూండి చెరువు చేరేసరికి 1996 వచ్చింది. దారిలో ఆవిరికి 3 పోగా ఏటా 12 టి.ఎం.సి.లు రావాలి, చాలా ఏళ్ళు అంత రాలేదు. వచ్చినంత మాత్రం కాలువ వెంటనే వచ్చింది, పూర్వం మన పెద్దలు వచ్చినట్టే.

పిల్లవాడికి ఇదంతా చెప్పేలోపల సిగ్నలు పడింది, రైలు కదిలింది. ఇల్లు చేరేసరికి కుళాయి వచ్చే వేళయింది. వాళ్ళమ్మ బిందెలు నింపి, మిగిలిన ధార క్రింద బియ్యపు బేసిన్ పెట్టింది. "తాతయ్యా, ఇది కృష్ణ నీళ్ళేనా?" అన్నాడు. పూండిలో అన్ని నీళ్ళూ కలిసిపోతాయి. కొంత అయి ఉంటుందిరా, అన్నాను.