పదిహేడు గెలుపులూ, ఒక ఉత్తరమూ

అమెరికాలో మా అమ్మాయికి పురుడు పొయ్యడానికి వెళ్ళి నేను రెండు విద్యలు నేర్చుకొచ్చాను. ఒకటి, పసిపిల్లని కారు సీట్లో పడుకోబెట్టి బెల్టులు బిగించడం. రెండోది ఫుట్‌బాల్ చూడడం. మొదటిది అవసరం కొద్దీ నేర్చుకున్నాను. రెండోది గత్యంతరం లేక.

గత్యంతరం లేకపోవడమంటే ఏముందీ, మా అమ్మాయి వాళ్ళుండేది ఫ్లోరిడాలో. ఆదివారం మధ్యాహ్నం పిల్ల నా ఒళ్ళో నిద్రపోయేది. కదిలితే లేస్తుందని భయం. ఎదురుగా మా అల్లుడు టీవీ పెట్టుకుని కూర్చునేవాడు. ఇనప టోపీలు పెట్టుకున్న మహాకాయులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కొట్టుకుంటూ వుంటే, "ఏం బాబూ, వీళ్ళనెవరూ విడదియ్యరా?" అన్నాను మొదటి రోజున. మా అల్లుడు నవ్వి, "అదే ఆట, అత్తయ్యగారూ" అన్నాడు.

పేరుకి ఫుట్‌బాలే గాని కాలితో పని బహు తక్కువ. బంతి కూడా గుండ్రంగా వుండదు, వొలవని కొబ్బరికాయలా రెండు కొసలూ మొనదేలి వుంటుంది. దాన్ని చంకన బెట్టుకుని పరుగెత్తాలి. వందగజాల మైదానం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్ళగలిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. వెళ్ళలేకపోతే బంతి అవతలివాళ్ళది. మన చెడుగుడుకి కవచాలు తొడిగి, మధ్యలో ఒక కొబ్బరికాయ ఇచ్చినట్టు ఊహించుకోండి, చాలావరకు సరిపోతుంది. ఎవరు ఎటు పరుగెత్తాలో చెప్పి, బంతి అందించేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఇంట్లో తాళాలగుత్తి ఎవరి బొడ్లో వుంటుందో వాళ్ళన్నమాట.

ఇంతవరకూ అయితే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఒకరోజు మా అల్లుడు, "1972లో మా మయామి డాల్ఫిన్స్ ఒక్క ఆట కూడా ఓడిపోలేదండీ. ఆడిన పదిహేడూ గెలిచారు. ఆ పని మళ్ళీ ఎవరి వల్లా కాలేదు" అన్నాడు, 'మా' అని వొత్తి పలుకుతూ. 1972 నాటికి ఈయనగారు పుట్టనే లేదు, ఈయన నాన్నగారికి పెళ్ళి కూడా కాలేదు. అయినా అంత గర్వమేమిటా అని ఆ వూరి లైబ్రరీ నుంచి పుస్తకం తెప్పించుకుని చదివాను. బాలింతకి పథ్యం వండుతూ మధ్యమధ్య చదివిన చరిత్ర ఇది. కాస్త కారప్పొడి వాసన వేస్తే ఏమీ అనుకోకండి.

మయామి టీము 1966లో పుట్టింది. పుట్టి నాలుగేళ్ళయినా నడక రాలేదు. 1969లో పధ్నాలుగు ఆటల్లో మూడంటే మూడే గెలిచింది. 1970లో డాన్ షులా అనే కోచ్ వచ్చాడు. గడ్డం ముందుకు పొడుచుకొచ్చిన మనిషి, క్రమశిక్షణ అంటే ప్రాణం. వచ్చిన ఏడే పది ఆటలు గెలిపించాడు. రెండో ఏడు ఫైనల్సు దాకా తీసుకెళ్ళాడు. దాన్ని వాళ్ళు సూపర్ బౌల్ అంటారు. 1972 జనవరిలో జరిగిన ఆ ఫైనల్లో డాలస్ టీము చేతిలో 24-3తో చిత్తుగా ఓడిపోయారు. షులాకి అది రెండో అవమానం. అంతకు మూడేళ్ళ కిందట, 1969 జనవరిలో, బాల్టిమోర్ టీముకి కోచ్‌గా వుండి, తప్పకుండా గెలుస్తారని లోకమంతా అనుకున్న ఫైనల్లో ఓడిపోయాడు. పెద్ద ఆట వస్తే ఈయన వల్ల కాదు అన్న మాట పడ్డవాడు. ఆడపిల్లకి ఒకసారి సంబంధం తప్పిపోతే ఊరు ఏమనుకుంటుందో మనకి తెలుసు. రెండుసార్లు తప్పిపోతే ఇంక చెప్పనక్కర్లేదు.

ఆ కసితో 1972 సెప్టెంబరులో మొదలుపెట్టారు. మొదటి ఆట కన్సాస్ సిటీలో, మాడ్చే ఎండలో గెలిచారు. మూడో ఆట మిన్నసోటాలో ఆఖరి నిమిషాల దాకా వెనకబడి, 16-14తో బయటపడ్డారు. అప్పట్లో ఒక తమాషా రూలు వుండేది. సొంత ఊళ్ళో ఆట జరిగితే ఆ చుట్టుపక్కల టీవీలో చూపించేవారు కాదు, టిక్కెట్లు అమ్ముడుపోవని! కనక మయామి వాసులు తమ టీము ఇంటి దగ్గర ఎలా గెలుస్తోందో ఇంట్లో కూర్చుని చూడలేకపోయారు. ఆరెంజ్ బౌల్ అనే స్టేడియానికి వెళ్ళి, తెల్ల చేతిరుమాళ్ళు ఊపినవాళ్ళే చూసినట్టు. మిగిలినవాళ్ళకి రేడియోయే గతి.

అయిదో ఆటలో, అక్టోబరు 15న, అసలు ప్రమాదం వచ్చి పడింది. క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ మీద ఇద్దరు పర్వతాల్లాంటి మనుషులు పడ్డారు. కాలి ఎముక విరిగింది, చీలమండ తప్పింది. తాళాలగుత్తి నేలమీద పడిపోయింది. దాన్ని వంగి తీసుకున్నవాడు ఎర్ల్ మొరాల్.

ఈ మొరాల్‌కి అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆ ఆటలో అది తాతల వయస్సు. బాల్టిమోర్ వాళ్ళు ఇంక అక్కర్లేదని వొదిలేస్తే, ఆ వసంతంలోనే షులా వంద డాలర్ల నామమాత్రపు రుసుము కట్టి తెచ్చుకున్నాడు. కారు డిక్కీలో స్టెప్నీ టైరులాగా! పైగా, 1969లో షులా ఓడిపోయిన ఆ ఫైనల్ వుందే, అందులో బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ ఈ మొరాలే. ఆ ఏడాదంతా బ్రహ్మాండంగా ఆడి, ఆ ఒక్కరోజు చేతులెత్తేశాడు. పరువు పోయిన ఇద్దరూ మళ్ళీ ఒక గూటికి చేరారన్నమాట.

ఆ స్టెప్నీ బండిని అక్టోబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా లాగింది. ఆరో ఆట ఒక్క పాయింటు తేడాతో, 24-23తో గట్టెక్కారు. తొమ్మిదో ఆట 52-0. పధ్నాలుగు ఆటలకి పధ్నాలుగూ. పరుగెత్తేవాళ్ళలో లారీ జాంకా అనే భీముడూ, మెర్క్యురీ మోరిస్ అనే లేడీ ఇద్దరూ వెయ్యేసి గజాలు దాటించారు. ఒకే టీములో ఇద్దరు ఆ పని చెయ్యడం అదే మొదలు. మోరిస్ లెక్క మొదట 991 దగ్గర ఆగిపోయింది. తరవాత ఫిల్ములు వేసి చూస్తే, ఒక ఆటలో అతని ఖాతాలో తొమ్మిది గజాలు తప్పుగా తగ్గించారని తేలి, సరిగ్గా వెయ్యి చేశారు. ఆ తొమ్మిది గజాల నష్టం ఎవరి ఖాతాలో పడిందనుకున్నారు? మొరాల్ ఖాతాలో! పాలవాడి లెక్కలో కూడా ఇంటి పెద్దకోడలి వాటాయే ఎప్పుడూ తరుగుతుంది.

డిసెంబరు 31న పిట్స్‌బర్గ్‌లో సెమీఫైనల్ లాంటి ఆట. ఒక్కటీ ఓడని టీము పరాయి ఊరికి ఎందుకు వెళ్ళాలి అంటే, ఆతిథ్యం అప్పట్లో వంతులవారీగా తిరిగేది. సగం ఆట అయ్యేసరికి 7-7. బండి మొరాయిస్తోంది. కాలు నయమై పక్కన కూర్చున్న గ్రీసీని షులా లేపాడు. గ్రీసీ వెళ్ళాడు, దూరంగా ఒక బంతి విసిరాడు, 21-17తో గెలిపించాడు. ఫైనల్సుకి కూడా గ్రీసీయే అన్నారు. మొరాల్ బాధపడ్డాడు, కాని రచ్చ చెయ్యలేదు.

ఇక్కడ మా అల్లుడికీ నాకూ చుక్కెదురు. "గెలవాలంటే అంతేనండీ, షులా చేసింది కరెక్టు" అంటాడు. కరెక్టే కావచ్చు. అత్తగారు మంచానపడితే మూడు నెలలు ఇల్లు ఈడ్చుకొచ్చిన కోడలు, ఆవిడ లేచిన రోజున మాట్లాడకుండా తాళాలు తీసి ఇచ్చేస్తుంది. పండగపూట వచ్చినవాళ్ళు అత్తగారినే మెచ్చుకుంటారు. అదీ కరెక్టే! నేను కాదన్నానా?

ఆ మొరాల్ 2014లో పోయాడు. తరవాత ఆయన మెదడు పరీక్ష చేస్తే సి.టి.ఇ. అనే జబ్బు, అందులోనూ ముదిరిన దశలో వున్నట్టు తేలింది. ఏళ్ళ తరబడి తలకి దెబ్బలు తగలడంవల్ల వచ్చే జబ్బు అది. జ్ఞాపకం పోతుంది, మనిషి మారిపోతాడు. ఆ టీములోనే జిమ్ కీక్ అనే పరుగులవీరుడు మతిమరుపుతో తీసుకుని తీసుకుని 2020లో పోయాడు. నిక్ బోనికాంటి అనే నాయకుడు లాయరు కూడాను, మహా మేధావి. ఆయనా చివరికి తన షర్టు తాను వేసుకోలేని స్థితికి వచ్చాడు. 2017లో, నా మెదడు పరిశోధనకి ఇచ్చేస్తున్నానని అందరిముందూ ప్రకటించి, 2019లో కన్ను మూశాడు. అంతకన్నా ముందే ఆయన ఇంట్లో పిడుగు పడింది. కొడుకు మార్క్ 1985లో కాలేజీ తరఫున ఇదే ఆట ఆడుతూ మెడ విరిగి, మెడ కింద భాగమంతా చచ్చుబడిపోయాడు. పందొమ్మిదేళ్ళవాడు. తండ్రి మిగిలిన జీవితమంతా పక్షవాతానికి మందు కనిపెట్టే పరిశోధనకోసం డబ్బు పోగుచేశాడు. మయామిలో ఆ సంస్థ పెద్దదయింది.

ఈ పేజీలు చదివిన రాత్రి పిల్లని భుజాన వేసుకుని చాలాసేపు తిరిగాను. నిద్ర వచ్చింది దానికి, నాక్కాదు.

సరే, ఫైనల్ సంగతి మిగిలిపోయింది. 1973 జనవరి 14, లాస్ ఏంజెలెస్. ప్రత్యర్థి వాషింగ్టన్ టీము. పదహారు గెలిచినా పందెంరాయుళ్ళు వాషింగ్టన్‌నే మొగ్గారు. సగం ఆటకి మయామి 14-0 ఆధిక్యంలో వుంది. ఇంక రెండు నిమిషాల చిల్లర మాత్రమే మిగిలింది. ఒక్క తన్ను తన్ని మూడు పాయింట్లు కలిపితే 17-0, పదిహేడో ఆటకి పదిహేడు పాయింట్లు! ఎంత ముచ్చటగా వుండేది!

తన్నేవాడు గారో యెప్రేమియన్. సైప్రస్ ద్వీపంలో పుట్టిన ఆర్మేనియన్. బట్టతల, చిన్న మనిషి. మెడకి కట్టుకునే టైలు కుట్టి అమ్ముకునేవాడు. మన సాకర్ ఫుట్‌బాల్ తప్ప ఈ కొబ్బరికాయ ఆట ఎరగనివాడు అమెరికా వచ్చి, కాలి నేర్పుతో టీములో చేరాడు. అతను తన్నిన బంతిని అవతలివాళ్ళు అడ్డుకున్నారు. అది దొర్లుకుంటూ మళ్ళీ ఇతని దగ్గరికే వచ్చింది. దాని మీద పడుకుంటే సరిపోయేది. పాపం, ఏదో చేద్దామని ఎత్తి విసరబోయాడు. చెయ్యి జారింది. గాల్లోకి లేచిన బంతిని మళ్ళీ తడితే, అది తిన్నగా వెళ్ళి వాషింగ్టన్ వాడి చేతుల్లో పడింది. వాడు 49 గజాలు పరుగెత్తి స్కోరు చేశాడు. 14-7! పరమాన్నం దించబోతూ వుంటే అందులో ఉప్పు పడ్డట్టయింది. అదృష్టం బాగుండి మిగిలిన రెండు నిమిషాలూ రక్షకులు కాచారు. గెలిచారు. షులాని భుజాలమీద మోశారు.

గెలిచినా గారోకి మొహం చెల్లలేదు. పేపర్లలో ఆ ఫోటో, టీవీలో ఆ బొమ్మే పదేపదే. పండగ చేసుకోవాల్సిన రాత్రి కుమిలిపోయాడు. ఇంక ఉద్యోగం వుంటుందో వూడుతుందో అనుకున్నాడు. అలా రెండు వారాలు గడిచాక ఒక ఉత్తరం వచ్చింది. నీవల్ల టీముకి ఎంత మేలు జరిగిందో నేను మరిచిపోలేదు, వాళ్ళూ వీళ్ళూ అనేవి పట్టించుకోకు అని ఆ ఉత్తరం భావం. కింద సంతకం డాన్ షులా. ఆ కాగితం అతనికి ప్రాణం పోసింది. మళ్ళీ ఆడాడు, మరుసటి ఏడు కూడా టీము ఫైనల్ గెలిచింది. ఆ ఉత్తరాన్ని దాచుకున్నాడు.

ఎన్నో ఏళ్ళ తరవాత షులా దగ్గర ఆ ప్రస్తావన తెచ్చి, ఆ రోజు మీరు రాసిన ఉత్తరం నన్ను నిలబెట్టిందండీ అన్నాడు. షులా తెల్లబోయాడు. ఉత్తరమా? నేనేమీ రాయలేదే!

రాసింది ఎవరో ఇద్దరికీ అప్పుడు తట్టింది. షులా భార్య డొరోతీ. అయిదుగురు పిల్లల తల్లి. గెలిచిన ఇంట్లో ఒక మనిషి ఏడుస్తున్నాడన్న సంగతి ఆవిడ కనిపెట్టింది. మొగుడికి గుర్తు చేసి, ఆయన తీరిక చూసుకుని, ఎప్పుడు రాయించేను అనుకుంది కాబోలు, తనే రాసి, ఆయన సంతకం తనే పెట్టి, పోస్టు చేసేసింది. ఆ మాట మొగుడితో కూడా చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ 1991లోనే రొమ్ము కేన్సరుతో పోయింది.

ఆ ఏటి ఆటగాళ్ళకి 2013లో వైట్‌హౌస్‌లో ఒబామా గారు సన్మానం చేశారు, నలభై ఏళ్ళు ఆలస్యంగా. షులా కూడా వెళ్ళాడు. 2007లో న్యూ ఇంగ్లండ్ టీము పద్ధెనిమిది వరసగా గెలిచి, ఆఖరి ఫైనల్లో ఓడిపోయింది కనక మయామి వాళ్ళ రికార్డు అలాగే నిలిచింది. ఇవన్నీ మా అల్లుడికి కంఠతా వచ్చు. ఏ ఆటలో ఎన్ని గజాలో, ఎన్ని పాయింట్లో, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

పిల్లకి నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేస్తూ, ఈ ఉత్తరం సంగతి చెప్పాను. మా అల్లుడు టీవీ గొంతు తగ్గించి ఇటు తిరిగాడు.

"ఇది నాకు తెలీదే! ఆవిడ పేరేమిటన్నారు, అత్తయ్యగారూ?"

"డొరోతీ" అన్నాను. "ఆ తువ్వాలు ఇలా అందుకో బాబూ, పిల్ల తడిసిపోతోంది."