కావలి రుసుము, పాలసీ కాగితం

మన ఇళ్ళలో ఇన్సూరెన్సు అంటే ఎల్ఐసీ ఒక్కటే. "బాండు బీరువాలో పెట్టినావా?" అని అడిగితే అది ఎల్ఐసీ బాండే. బండి పాలసీ డిక్కీలో మడిచి ఉంటుంది, పోలీసులు ఆపితే చూపించడానికి. ఇంటి పాలసీ సంగతంటారా, అప్పిచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళే కట్టించుకుంటే తప్ప ప్రొద్దుటూరులో నాకు తెలిసిన ఇళ్ళలో ఆ మాటే వినపడదు. అయితే సొమ్ము పోతే ఎవరు కట్టాలి అన్న ప్రశ్న మన సీమకు కొత్తది కాదు. ఇన్సూరెన్సు అనే పేరు రాకముందే దానికి ఇక్కడొక ఏర్పాటు ఉండేది.

దాన్ని కావలి అనేవాళ్ళు. పాలెగాళ్ళ కాలంలో ఊళ్ళను కాపాడినందుకు కావలి రుసుము వసూలయ్యేది. రుసుము తీసుకున్నవాడికి ఒక బాధ్యత ఉండేది. దొంగతనం జరిగితే దొంగనైనా, సొమ్మునైనా చూపించాలి, లేకపోతే పోయినదాని విలువ తనే కట్టుకోవాలి. నాకు ఇందులో ప్రీమియమూ కనపడింది, క్లెయిమూ కనపడింది. కనపడనిది ఒక్కటే, ఎంచుకునే వీలు. పక్క పాలెగాడి దగ్గర రేటు తక్కువని మారిపోవడానికి లేదు. పైగా రుసుము ఇవ్వని ఊరిని దోచేది ఆ కావలివాళ్ళే అయిన సందర్భాలూ ఉన్నాయి!

1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, థామస్ మన్రో 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. పాలెగాళ్ళ బలం అప్పుడే విరిగింది. కావలి పని మెల్లగా సర్కారు చేతికి పోయింది. కానీ పోలీసు దొంగను వెతుకుతాడే గానీ, దొరక్కపోతే మన కాసులపేరుకు డబ్బు కట్టడు కదా. కావలిలో ఉన్న ఆ రెండో సగం ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది.

ఆ సగాన్ని తర్వాత కంపెనీలు తీసుకున్నాయి. అగ్ని ప్రమాదాలు, సరుకు నష్టాల వంటివాటికి మన దేశంలో మొదటి కంపెనీగా చెప్పే ట్రైటన్ 1850లో కలకత్తాలో మొదలైంది. తెలుగువాళ్ళ సొంత కంపెనీ అంటే బందరులో 1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్సు. అంతకు రెండేళ్ళ ముందే ఆంధ్రా బ్యాంకు పెట్టినదీ ఆయనే. 1956లో జీవిత బీమా అంతా ఎల్ఐసీలో కలిసింది. 1973 జనవరి 1 నుంచి మిగిలిన 107 సంస్థలనూ నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కలిపేశారు. 

బండి సంగతి వేరే దారిలో వచ్చింది. మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చినా, అందులో బీమా తప్పనిసరి చేసే భాగం అమలైంది 1946 జూలై 1న. తప్పనిసరి అన్నది థర్డ్ పార్టీకి మాత్రమే. మొదటి పార్టీ బండి యజమాని, రెండోది కంపెనీ, మూడోది మన బండి తగిలి దెబ్బతిన్న ఎవరో. ఆ ఎవరో కోసమే చట్టం పట్టుబట్టింది. జమ్మలమడుగు రోడ్డులో మన కారు చెట్టుకు గుద్దుకుంటే, థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్ళ కారుకు ఒక్క రూపాయి రాదు. ఇది అన్యాయమని మావారు అంటుంటారు. నాకు మాత్రం ఇదే న్యాయంగా తోస్తుంది. కారు కొనగలిగినవాడు బాగు చేయించుకోగలడు. రోడ్డు వారన నడిచిపోయే కూలిమనిషి పోతే ఆ ఇల్లు ఏమవుతుంది?

మరి ఆ పోయిన మనిషి ఇల్లాలైతే? ఇక్కడ కాసేపు ఆగాలి, ఇది మన గురించే కాబట్టి. పోయిన మనిషి సంపాదన ఎంతో చూసి పరిహారం లెక్క కడతారు. జీతం లేని భార్యకు ఏం కడతారు? 1994లో చట్టానికి చేర్చిన పట్టిక ప్రకారం అప్పట్లో సంపాదించే భర్త ఆదాయంలో మూడో వంతు కట్టేవాళ్ళు, ఆ పట్టిక ఇప్పుడు లేదు. అంటే ఒకే పని చేసే ఇద్దరు ఆడవాళ్ళలో ఇంజనీరు భార్య చపాతీకి ఒక ధర, హమాలీ భార్య సంగటికి ఒక ధర ఉండేది. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు నడివయసు గృహిణి సేవల విలువను నెలకు 3,000 రూపాయలుగా కట్టింది. అది జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసు. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసు వచ్చింది. జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ళ జాబితాలో వేయడాన్ని కోర్టు తప్పుపట్టింది. 2021 జనవరి 5న కీర్తి కేసులో మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాశారు. ఇంటిపనే తమ ప్రధాన పని అని 2011 లెక్కల్లో చెప్పుకున్న ఆడవాళ్ళు సుమారు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షల లోపే అని అందులో చూపించారు. బియ్యం ఏరుతూ ఆ వార్త విన్న రోజు నాకు బాగా గుర్తు.

కంపెనీని ఎంచుకోవడం అనేది నిజంగా మొదలైంది ఈమధ్యనే. ప్రైవేటు కంపెనీలు 2000 తర్వాత వచ్చినా, 2007 దాకా రేట్లు అన్నిచోట్లా ఒకటే. ఇప్పటికీ థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం చెప్పినదే కాబట్టి అందులో బేరం లేదు. తేడా అంతా మన బండికి కట్టే ఓన్ డ్యామేజీలోనే. మా ఇంట్లో ఆ పని నాది. మన ఊరి షెడ్డులో డబ్బు కట్టకుండా బాగు చేస్తారా, బండి విలువ ఎంత వేశారు, ఈ రెండూ అడిగాకే ధర అడుగుతాను. క్లెయిము చేయని ఏళ్ళకు వచ్చే బోనస్ కంపెనీ మారినా మనతోనే వస్తుంది. "మారితే పోతుందమ్మా" అని ఏజెంటు అంటే నమ్మొద్దు.

ఇంటికొస్తే, 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ భారత్ గృహ రక్ష అనే ఒకే రకం పాలసీ ఇవ్వాలి. అగ్ని, తుఫాను, వరద, భూకంపం అందులో ఉన్నాయి. అది వచ్చిన ఏడు నెలలకే, నవంబరులో, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. మనది కరువు సీమ, వరదెక్కడిది అనుకునేవాళ్ళం.

పులివెందులలో మా చిన్నమ్మ ఇంట్లో దొంగలు పడినప్పుడు నాకు కావలి గుర్తొచ్చింది. బ్యాంకు అప్పుతో పాటు తీసుకున్న ఇంటి పాలసీ ఉంది. కంపెనీ ఇవ్వనంది. కాగితం తిరగేస్తే అందులో ఉన్నది కట్టడం ఒక్కటే. గృహ రక్ష అయినా అంతే. మంటో వరదో వచ్చాక ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనమే దాని కిందికి వస్తుంది. మామూలు దొంగతనానికి బర్గ్‌లరీ కవరు విడిగా తీసుకోవాలి, నగలను ప్రత్యేకంగా రాయించాలి. పాలెగాడి కావలి దొంగతనానికే కట్టేది, నేటి ఇంటి పాలసీ దాన్నే వదిలేసింది! బంగారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఇది ఎంతమందికి తెలుసో.

కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెల దాటినా తేలకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. చిన్నమ్మ విషయంలో మాత్రం కాగితంలో లేనిదాన్ని అడగడానికి లేదు.

ఇప్పుడు బర్గ్‌లరీ కవరు తీసుకుందామంటోంది. ఏజెంటు నగల జాబితా, తూకం, విలువ కట్టిన సర్టిఫికెట్ అడిగాడు. ఆమె నగలు చాలావరకు పుట్టింటివి, రసీదుల్లేవు. తూకం వేయించడానికి ప్రొద్దుటూరు రమ్మన్నాను. శుక్రవారం మాత్రం బంగారం గడప దాటించనంది, శనివారం వస్తోంది.