తుపాకీకి ముందు తాడు

అఫ్జల్‌గంజ్ వైపు నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే ఎడమచేతి పక్కన సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో దివాన్ దేవిడీలో తెరిచి, 1968లో ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. అక్కడి ఆయుధాల గదిలో కత్తులు, బాకులు, తుపాకులు అద్దాల వెనుక మెరుస్తుంటాయి. వాటిలో తుపాకులను చూడగానే నిజాం కాలపు పులివేటలు గుర్తుకొస్తాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుమోసిన వేటగాడు. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ తీసిన షికారు చిత్రాలు, 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు చచ్చిన పులి దగ్గర నిలబడ్డ చిత్రంతో సహా, ఈనాటికీ పుస్తకాల్లో అచ్చవుతూనే ఉన్నాయి. ఆ చిత్రాల్లో పులి ఉంటుంది, తుపాకీ ఉంటుంది, టోపీలు ఉంటాయి. వేటగాడు గంటల తరబడి కూర్చున్న చెట్టు కనిపించదు. అతన్ని చెట్టెక్కించిన తాడు, నిచ్చెన అసలే కనిపించవు. చెట్టు మీద మంచె కట్టుకుని సాగించే మచాన్ వేట చరిత్రను ధైర్యం కథగా చెప్పుకోవడానికి ఈ లోపమే కారణం. దాన్ని చెట్టెక్కే నేర్పు కథగా చదివితే వీరులు మారిపోతారు.

పని ఎలా సాగేదో చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. మచాన్ వేట రెండు రకాలు. పగలు డప్పులు, కేకలతో ఊరి జనం అడవిని గాలిస్తూ జంతువును మచాన్ల వైపు తరమడం ఒకటి. కట్టేసిన ఎర మీదికో, అప్పటికే చంపి వదిలిన పశువు మీదికో పులి తిరిగొస్తుందని రాత్రంతా కాచుకోవడం రెండోది. రెండింట్లోనూ తుపాకీ పేలేది క్షణకాలం. మిగిలినదంతా ఎక్కడం, కదలకుండా కూర్చోవడం, దిగడం. ఎక్కేటప్పుడు చేతిలో బరువైన రైఫిల్ ఉంటే పట్టుకు ఒక చేయి తగ్గుతుంది. అందులో గుండు నింపి ఉంటే కాలు జారడం ఒక్కటే ప్రమాదం కాదు. గంటలు గడిచేసరికి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నిద్ర ముంచుకొస్తుంది. పెద్ద తుపాకీ పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తన్నే దెబ్బకు ఆనుడు లేనివాడు తూలిపోతాడు. ఇక దిగడం చీకట్లో, గాయపడ్డ జంతువు ఎక్కడుందో తెలియని స్థితిలో. పులి ఆ రాత్రి రాకపోవచ్చు. నేల మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

ఈ ప్రమాదాలకు విరుగుడు తెలిసినవాళ్ళు షికారు క్యాంపుకు బయటి నుంచి రాలేదు. జొన్నచేలో నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, నిచ్చెన ఆన్చి మంచె కట్టుకోవడం తెలుగు రైతుకు తరతరాల పని. పగలు వడిసెలతో పిట్టలను, రాత్రి కేకలతో అడవిపందులను తోలేది అక్కడి నుంచే. ఏ గుంజ బరువు మోస్తుందో, ఏ ముడి జారుతుందో అతనికి తెలుసు. కల్లు గీసేవాళ్ళది మరో విద్య. మోకును నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టి, దాని మీద ఒరిగి, రెండు చేతులకూ పని వదిలే పద్ధతి వాళ్ళది. నల్లమల చెంచులు తేనె కోసం కొండ అంచు నుంచి తాడు పట్టుకుని దిగుతారు. పైన తాడు దగ్గర కాపలా ఉండేవాడు సాధారణంగా బావమరిదే అని చెబుతారు. తన అక్కచెల్లెలి పసుపు కుంకుమలు ఆ తాడు మీదే ఉన్నాయి గనుక అతను చేయి వదలడని వాళ్ళ లెక్క. ఏ వేట పుస్తకంలోనూ ఇంతకంటే పకడ్బందీ భద్రతా నియమం ఉంటుందనుకోను. ముడి గట్టిగా ఉంటే చాలదు, ముడి దగ్గర ఎవరున్నారన్నదీ ముఖ్యమేనని వాళ్ళు ముందే కనిపెట్టారు.

ఎత్తే రక్షణ కదా, ఎక్కితే చాలదా అని ఎవరైనా అడగవచ్చు. నయాపూల్ దగ్గరే దీనికి ఒక సాక్ష్యం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15,000 మందిని పొట్టనపెట్టుకుంది. అఫ్జల్ వంతెన కొట్టుకుపోయింది, పురానాపూల్ నిలబడింది. ఆ రోజు అఫ్జల్ పార్కులోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పుడది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ, ఆ చెట్టు అక్కడే మిగిలింది. ఎత్తు మనిషిని కాపాడుతుందన్న మాటకు నగరంలో ఇంతకన్నా పెద్ద రుజువు లేదు. అయితే కాపాడింది ఎత్తొక్కటేనా? లోతుగా దిగిన వేళ్ళు, గట్టి చేవ, చేతికందే ఎత్తులో విచ్చుకున్న లావాటి పంగలు. అదే చోట మునగచెట్టు ఉండి ఉంటే సంగతి వేరు. పొగిడి ముంచడాన్ని మునగచెట్టు ఎక్కించడమని మనవాళ్ళు ఊరికే అనలేదు. పైగా వరద నీరు చెట్టెక్కదు, చిరుతపులి ఎక్కుతుంది. కుమావూ కొండల్లో పనార్ చిరుత కోసం చెట్టు మీద కాచిన వేటగాడు జిమ్ కార్బెట్, కింది నుంచి అది పైకి రాకుండా మాను చుట్టూ ముళ్ళకొమ్మలు కట్టించుకున్నాడు. చీకట్లో ఆ చిరుత వచ్చి ఆ కొమ్మలనే పట్టి లాగింది. 1954లో వెలువడిన 'ద టెంపుల్ టైగర్'లో ఆయనే రాసుకున్న సంగతి ఇది. ఆ రాత్రి ఆయన్ను నిలబెట్టింది ఎంత ఎత్తున కూర్చున్నాడన్నది కాదు, ముళ్ళు ఎంత బిగించి కట్టారన్నది.

మరో అభ్యంతరం మరింత బరువైనది. చెట్టు మీది నుంచి పడ్డవాళ్ళ లెక్కలు ఆనాటి వేట రాతల్లో పెద్దగా లేవు గదా, లేని ప్రమాదాన్ని ఊహించి చరిత్ర రాయవచ్చా? వేట పుస్తకాలు రాసింది కూర్చున్నవాళ్ళు. మచాన్ కట్టడానికి ముందుగా చెట్టెక్కినవాళ్ళు, చివర్న తాళ్ళు విప్పడానికి మళ్ళీ ఎక్కినవాళ్ళు రాయలేదు. అయినా రాసినవాళ్ళ మాటల్లోనే ఆనవాళ్ళు దొరుకుతాయి. తిరుపతి పక్క చామల లోయ పులి కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్‌కు మచాన్‌గా నులకమంచాన్ని చెట్టుకు కట్టించుకోవడం ఇష్టం. మంచం కట్టడానికి మనుషులు, వాళ్ళకు ముందే చెట్టు సంగతి తెలియడం, ఇవన్నీ ఆ ఇష్టం వెనుక ఉన్నాయి. నేటి అమెరికాలో చెట్టు మీది నుంచి జింకలను వేటాడేవాళ్ళకు చెప్పే పాఠం కూడా ఇదే దారిలో నడుస్తుంది. నేల విడిచినప్పటి నుంచి మళ్ళీ నేల తాకేదాకా ఒంటికి పట్టీ ఉండాలి, రెండు చేతులు రెండు కాళ్ళలో మూడు ఎప్పుడూ పట్టులో ఉండాలి, ఖాళీ తుపాకీని తాడుతో తర్వాత పైకి లాక్కోవాలి. అక్కడ వేటగాళ్ళ ప్రమాదాల్లో చెట్టు మీది నుంచి పడటం ఒక ప్రధాన కారణం కాబట్టే ఈ నియమాలు పుట్టాయి. మనిషి బరువు, కొమ్మ బలం, చీకటి, నిద్ర దేశాన్ని బట్టి మారవు. నిజాం అడవుల్లో అవి పనిచేయలేదనడానికే సాక్ష్యం కావాలి.

రైతు మంచెకూ నవాబు మచాన్‌కూ పోలిక అతికించినట్టుందనేవాళ్ళకు ఒక సంగతి ఒప్పుకోవాలి. మంచె ఉన్నది పంటను కాపాడటానికి, మచాన్ ఉన్నది చంపడానికి. ప్రయోజనం వేరు. కానీ ఎక్కే దారి, కూర్చునే తీరు, దిగేటప్పటి భయం ఒకటే. వేటకు కాలం చెల్లాక ప్రయోజనంలోని తేడా మరీ స్పష్టమైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పులివేట ముగిసింది. అమ్రాబాద్, కవ్వాల్ ఇప్పుడు పులుల అభయారణ్యాలు. మచాన్ అడవిలో ఉంటే జంతువులను గమనించడానికే ఉంటుంది. చేలో మంచె మాత్రం అడవిపందుల పుణ్యమా అని ఇంకా బతికే ఉంది. పంట చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగి మనుషులనూ చంపుకుంటున్న రోజుల్లో, రాత్రంతా మంచె మీద మేలుకున్నవాడిదే తక్కువ హాని చేసే పద్ధతి. కల్లు గీసేవాళ్ళకు తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో పట్టీలు, తాళ్ళు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిని నడుముకు బిగించుకుంటున్నది తాతల నాటి మోకు పట్టు తెలిసిన చేతులే.