ఇల్లు కడుతున్నారా? వేడి నీళ్ల లైను ప్లాస్టరింగ్‌కు ముందే తేల్చుకోండి

సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి దిగింది. బస్తా దగ్గర కొంత కలిసొచ్చినా ఇసుక, కూలి, టైల్స్ కలిసి దాన్ని మింగేస్తున్నాయి. వడ్డీ లోను వద్దనుకుని, చేతిలో ఉన్న డబ్బుతో అంచెలంచెలుగా కట్టుకునే కుటుంబాలకు స్లాబు పడేసరికే జేబు ఖాళీ. 'తర్వాత చూద్దాంలే' అని ముందుగా పక్కన పెట్టేది గీజర్‌నే.

గీజర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. దాని పైపు, వైరు మాత్రం ప్లాస్టరింగ్‌కు ముందే గోడలోకి వెళ్లాలి. లేకపోతే రెండేళ్లకు టైల్స్ పగలగొట్టాల్సిందే. వేడి నీటికి సీపీవీసీ పైపే వేయించాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి జాయింట్ల దగ్గర కారుతుంది.

ప్లంబర్ బాత్రూమ్‌కూ వంటింటికీ లైను లాగుతాడు, వుజూ చేసే కుళాయిని మర్చిపోతాడు. డిసెంబర్, జనవరి చలిలో ఫజర్‌కు లేచే పెద్దవాళ్లకు అన్నిటికంటే అవసరమైన కుళాయి అదే. గీజర్ దానికి ఎంత దగ్గరుంటే అంత మేలు. 12 మీటర్ల ముప్పావు అంగుళం పైపులో సుమారు 3 లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. అవన్నీ వదిలితే గానీ వేడి నీళ్లు రావు. ప్రవక్త (స) ఒక ముద్, అంటే లీటరు లోపు నీటితోనే వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది.

కరెంటు గీజర్‌కు మొదట పెట్టే ఖర్చు తక్కువ. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 55కి తేవడానికి 2000 వాట్ల గీజర్‌కు 20 నిమిషాల లోపే పడుతుంది, యూనిట్‌లో మూడింట రెండొంతులు కూడా కాలదు. బిల్లు పెరిగేది రోజంతా ఆన్‌లో వదిలేస్తేనే. దీనికి 16 ఆంప్స్ సాకెట్, విడిగా లైను, సరైన ఎర్తింగ్ ఉండాలి.

ఆరేడుగురున్న ఇంటికి సోలార్ వాటర్ హీటర్ బాగుంటుంది. పగలు కాగిన నీళ్లు ట్యాంకులో తెల్లవారే దాకా వేడిగానే ఉంటాయి. మబ్బు పట్టిన రోజులకు మాత్రం వేరే ఏర్పాటు కావాలి. దీని ట్యాంకు కంటే చల్లనీళ్ల ట్యాంకు ఎత్తులో ఉండాలి కాబట్టి డాబా మీద దిమ్మె కట్టేటప్పుడే మేస్త్రీకి చెప్పాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే రాగి గొట్టాల ప్లేటు రకం త్వరగా పూడుకుపోతుంది, గాజు గొట్టాల రకమే నయం. ఒక సంగతి: పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కరెంటు తయారుచేసే ప్యానెళ్లకే, వాటర్ హీటర్‌కు కాదు.

గ్యాస్ గీజర్ నిమిషంలో వేడి నీళ్లిస్తుంది. కానీ అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలుపు మూసిన బాత్రూమ్‌లో స్నానం చేస్తున్న మనిషి అరవను కూడా అరవలేక పడిపోతాడు. పెట్టుకుంటే బయట, గాలి ఆడే చోట పెట్టి పైపు ఒక్కటే లోపలికి తేవాలి. ఇంకో మాట లేదు.

ఏది ఎంచుకున్నా, గోడ పూయకముందు పైపులు, వైర్లు ఎక్కడెక్కడ వెళ్లాయో ఫోన్‌లో ఫోటోలు తీసి దాచుకోండి. రేపు గీజర్ బిగించడానికి డ్రిల్లు పట్టుకునే మనిషికి అవే కావాలి.