2 ఎంబీ మనిషి అడిగిన సాయం: స్వాప్ మెమరీ చరిత్ర



పోయిన నెల మన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, నా లాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే. లైనక్స్ వేయించుకున్నా. క్లాసు వీడియో పెట్టి పక్కన ప్రోగ్రాం రాసుకుందామంటే మొత్తం బిగుసుకుపోతోంది. షాపులో అడిగితే ఇది కంప్యూటర్ చదువుకి పనికిరాదు, కొత్తది కొనుక్కో అంటున్నారు" అన్నాడు. కొత్త లాప్‌టాప్ మాట ఇంట్లో ఎత్తే పరిస్థితి కాదు వాడిది. స్వాప్ ఎంత ఉందో చూడరా అన్నాను. చూస్తే సున్నా. లైనక్స్ వేసిన మనిషి స్వాప్ పెట్టనే లేదు.

ఆ రోజు వాడికి చెప్పిన కథే ఇక్కడ వివరంగా రాస్తున్నా. ఎందుకంటే ఈ స్వాప్ అనేది మెమరీ దండిగా ఉన్నవాళ్ళ కోసం పుట్టింది కాదు. చాలనివాళ్ళ కోసం పుట్టింది.

ముందు అసలు సంగతి. హాస్టల్లో మనకుండేది చిన్న బల్ల, మంచం కింద ట్రంకు పెట్టె. ఇప్పుడు చదివే పుస్తకాలు బల్ల మీద ఉంటాయి, మిగతావి పెట్టెలో ఉంటాయి. బల్ల నిండిపోతే ముట్టుకోని పుస్తకాన్ని పెట్టెలోకి తోసి, కావాల్సింది పైకి తీస్తాం. ర్యామ్ ఆ బల్ల. డిస్కు ఆ పెట్టె. డిస్కులో ఇందుకని కేటాయించిన చోటే స్వాప్. తేడా ఒక్కటే, ఇక్కడ పుస్తకాలు మార్చే పని మనది కాదు, ఆపరేటింగ్ సిస్టందే.

1950లలో ఈ పని మనుషులే చేసేవాళ్ళు. వేగంగా పనిచేసే మెమరీ చాలా ఖరీదు, చాలా కొంచెం. తిరిగే అయస్కాంత డ్రమ్ము మీద చోటు ఎక్కువ, కానీ అది నిదానం. ప్రోగ్రాం రాసేవాడు దాన్ని ముక్కలు చేసుకుని, ఏ ముక్క ఎప్పుడు డ్రమ్ము నుంచి తేవాలో, ఎప్పుడు వెనక్కి పంపాలో తానే రాసుకోవాలి. అసలు లెక్క కంటే ఈ మోతలకే ఎక్కువ బుర్ర ఖర్చయ్యేది.

ఈ బాధ తీర్చింది ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం. టామ్ కిల్‌బర్న్ బృందం, ఫెరాంటి కంపెనీ కలిసి తయారుచేసిన అట్లాస్ కంప్యూటర్ 1962 డిసెంబర్ 7న ప్రారంభమైంది. అందులో వేగమైన మెమరీ 16,384 పదాలు. ఒక్కో పదం 48 బిట్లు. మన లెక్కలో మొత్తం 96 కిలోబైట్లు! ఇవాళ మన ఫోన్లో ఒక్క ఫోటో అంతకంటే పెద్దది. డ్రమ్ముల మీద దానికి ఆరు రెట్లు చోటు ఉండేది. వాళ్ళు మెమరీని 512 పదాల పేజీలుగా విడగొట్టి, రెంటినీ కలిపి ఒకే పెద్ద మెమరీలాగా ప్రోగ్రాంకి చూపించారు. కావాల్సిన పేజీ లేకపోతే యంత్రమే డ్రమ్ము నుంచి తెచ్చుకుంటుంది. ఏ పేజీ ఎంతసేపటి నుంచి వాడకంలో లేదో గమనించి, ఏది బయటికి పంపాలో తానే తేల్చుకుంటుంది. ఇవాళ మన లాప్‌టాప్ చేసేదానికి మూలం ఇదే.

కానీ దీనితో ఒక కొత్త జబ్బు వచ్చింది. ఒకేసారి ఎక్కువ ప్రోగ్రాములు నడిపితే యంత్రం పేజీలు తెచ్చుకోవడం, పంపడంలోనే కాలమంతా గడిపేది. అసలు పని సాగేది కాదు. పది సబ్జెక్టులు ఒకేసారి చదవాలని కూర్చుని, రాత్రంతా పెట్టె మూత తీయడం, వేయడంతోనే తెల్లారిపోయినట్టు. దీన్ని త్రాషింగ్ అంటారు. 1968లో పీటర్ డెనింగ్ దీని కారణం విడమరిచి చెప్పాడు. ప్రతి ప్రోగ్రాంకి ఆ కాస్త సమయంలో నిజంగా అవసరమయ్యే పేజీల గుంపు ఒకటి ఉంటుంది, దానికి వర్కింగ్ సెట్ అని పేరు పెట్టాడు. నడుస్తున్న ప్రోగ్రాముల వర్కింగ్ సెట్లన్నీ కలిపి ర్యామ్‌లో పడితే బండి నడుస్తుంది. పట్టకపోతే స్వాప్ ఎంత పెంచినా లాభం లేదు. ఈ మాట 1968కి ఎంత నిజమో ఇవాళ్టికీ అంతే నిజం.

తొలినాళ్ళ యూనిక్స్ పేజీలు కాదు, మొత్తం ప్రోగ్రాంనే డిస్కుకి పంపి మళ్ళీ తెచ్చుకునేది. స్వాప్ అనే మాట అసలైన అర్థం అదే, మార్పిడి. 1979లో బర్కిలీలో ఓజాల్ప్ బాబాఓలు, బిల్ జాయ్ యూనిక్స్‌కి పేజీల పద్ధతి తెచ్చారు. 1985లో ఇంటెల్ 386 చిప్‌తో ఈ సదుపాయం మామూలు పీసీలకి కూడా అందింది. 1990లో వచ్చిన విండోస్ 3.0 దాన్ని వాడుకుంది.

ఇక నాకు బాగా నచ్చే ఘట్టం. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి వాయిదాల మీద ఒక 386 కంప్యూటర్ కొన్నాడు. దాని మీద సొంతంగా ఆపరేటింగ్ సిస్టం రాయడం మొదలుపెట్టాడు. అదే లైనక్స్. ఆ ఏడాది చివర్లో జర్మనీ నుంచి ఒకతను రాశాడు: నా దగ్గర ర్యామ్ 2 ఎంబీయే, లైనక్స్‌ని కంపైల్ చేయబోతే చాలడం లేదు అని. లినస్ అతన్ని కొత్త కంప్యూటర్ కొనుక్కోమని చెప్పలేదు. క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని, పేజీలు డిస్కుకి పంపే కోడ్ రాశాడు. 1992 జనవరిలో వచ్చిన 0.12 వెర్షన్లో అది చేరింది. అప్పట్లో మినిక్స్‌లో ఆ సదుపాయం లేదు. దాంతో లైనక్స్‌కి కొత్త మనుషులు వచ్చారు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో సర్వర్లు నడిచే వ్యవస్థలో ఆ భాగం, చిన్న యంత్రం ఉన్న ఒక మనిషి సిగ్గుపడకుండా అడిగితే వచ్చింది.

తర్వాత ర్యామ్ చవకైంది. ర్యామ్‌కి రెట్టింపు స్వాప్ పెట్టాలనే పాత సూత్రం మూలపడింది. సర్వర్లలో చాలామంది స్వాప్ పూర్తిగా తీసేశారు, జవాబు ఆలస్యంగా రావడం కంటే ప్రోగ్రాం పడిపోయి మళ్ళీ లేవడమే నయమని. వాళ్ళకి పక్కన ఇంకో పది యంత్రాలు ఉంటాయి మరి. మనకున్నది ఒక్కటే. మధ్యలో పడిపోతే రాస్తున్న ప్రాజెక్టు పోతుంది.

చాలనివాళ్ళ అవసరం మళ్ళీ ముందుకొచ్చింది. 2013లో ఆండ్రాయిడ్ 4.4ని 512 ఎంబీ ఫోన్లలో కూడా నడిచేలా చేశారు. అందులో వాడిన ఉపాయం జడ్‌ర్యామ్: పేజీలని డిస్కుకి పంపకుండా, నొక్కి చిన్నవి చేసి ర్యామ్‌లోనే ఓ మూల పెట్టడం. బట్టలు గట్టిగా మడిచి పెట్టెలో కుక్కినట్టు. 2014లో ఇది లైనక్స్ ప్రధాన కెర్నల్లో చేరింది.

తమ్ముడి సంగతికొస్తే, ఎస్‌ఎస్‌డీ మీద 4 జీబీ స్వాప్ ఫైల్ పెట్టించాను. ఆ ఫైల్లో మెమరీలోని సంగతులు ఉంటాయి కాబట్టి రూట్ తప్ప ఎవరూ చదవకుండా అనుమతులు పెట్టాలి, అది మర్చిపోవద్దు. స్వాపినెస్ సాధారణంగా 60 ఉంటుంది, దాన్ని కదపక్కర్లేదు. విండోస్ వాడేవాళ్ళు వేగం పెరుగుతుందని ఎవరో చెప్పారని పేజీ ఫైల్ తీసేయకండి. స్వాప్ కొంచెం వాడకంలో కనిపించినంత మాత్రాన కంగారు పడొద్దు. పేజీలు ఆగకుండా వస్తూ పోతూ ఉంటేనే జబ్బు. అప్పుడు ట్యాబులు మూయడమే మందు.

స్వాప్ ర్యామ్‌కి సాటి రాదు, అబద్ధం చెప్పను. ఇప్పటికీ వాడి లాప్‌టాప్ అప్పుడప్పుడు నిదానిస్తుంది. కానీ బిగుసుకుపోవడం లేదు, సెమిస్టర్ ప్రాజెక్టు దాని మీదే పూర్తి చేశాడు. మీ యంత్రం పనికిరాదని ఎవరైనా అంటే, కొనడానికి ముందు ఒకసారి అడగండి. 96 కిలోబైట్లతో మొదలైన చరిత్ర ఇది.